కనుమకు కోడా, పొట్టేలా?

మీ ఊరు వినగడప అనుకుందాం. తిరువూరు ప్రాంతంలో, గంపలగూడెం మండలంలో, కట్టలేరు పొంగితే రాకపోకలు ఆగిపోయే ఊరు. ఒకప్పుడు కృష్ణా జిల్లాలో ఉండేది, 2022 నుంచి ఎన్.టి.ఆర్. జిల్లాలోకి వచ్చింది. భోగిమంట ఆరిపోయింది. సంక్రాంతి పొంగలి, అరిసెలు అయిపోయాయి. తెల్లవారితే కనుమ. ఇంట్లో పన్నెండు మంది ఉన్నారు. కనుమ నాడు మినుము తినాలి కాబట్టి మినప్పప్పు నానబోశారు, గారెలు ఖాయం. గారెల్లోకి ఏమిటన్నదే ఇంకా తేలలేదు.

"పండగ పూట కోడేమిట్రా? ఇంటికొచ్చిన అల్లుడికి వేట మాంసం పెట్టకపోతే ఏం బాగుంటుంది?" అంటాడు తాతయ్య.

"గారెల్లోకి నాటుకోడి పులుసును మించింది లేదు నాన్నా. పైగా వేట మాంసం ధర విన్నావా?" అంటాడు బాబాయి.

నాయనమ్మ ఎవరి పక్షమూ చేరదు. చివరకు తాతయ్య మీ వైపు తిరిగి, "సైన్సు చదువుతున్నావుగా, నువ్వు చెప్పు మరి" అంటాడు.

ఇప్పుడేం చెబుతారు? మీ పాఠ్యపుస్తకంలో ఈ ప్రశ్న ఉండదు. కాని జవాబుకు కావలసిన సరంజామా అంతా అందులోనే, ఒకటి కండరాల పాఠంలో, ఒకటి జీర్ణక్రియ పాఠంలో, ఒకటి ఉష్ణం పాఠంలో, చెల్లాచెదరుగా పడి ఉంది. ఏరుకుందాం రండి.

అన్నట్టు, ఈ తగువు మన ఇంట్లోనే కాదు. క్రిస్మస్ వచ్చిందంటే ఇంగ్లండులో ఎన్నో ఇళ్ళలో ఇదే చర్చ. అక్కడ మన నాటుకోడి స్థానంలో టర్కీ కోడి, పొట్టేలు స్థానంలో లేత గొర్రెపిల్ల. పేరు చూసి టర్కీ కోడి టర్కీ దేశానిదనుకోకండి. అది అమెరికా ఖండపు పక్షి. మెక్సికో ప్రాంతపు ప్రజలు రెండు వేల ఏళ్ళ క్రితమే దాన్ని మచ్చిక చేసుకున్నారు. 1612లో గోవా నుంచి తెచ్చిన అరుదైన జంతువులతోపాటు ఒక టర్కీ కోడి కూడా మొగలు చక్రవర్తి జహంగీరు దర్బారు చేరింది. దాని తలా మెడా ఊసరవెల్లిలా రంగులు మార్చటం చూసి ఆయన ఎంతో ఆశ్చర్యపడ్డాడు. తన చిత్రకారుడు మన్సూరు చేత బొమ్మ గీయించాడు. ఆ బొమ్మ ఇప్పుడు లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. మరి ఆ పక్షి కూరలోకి వెళ్ళిందో లేదో ఆ బొమ్మ చెప్పదు!

సరే, మన వంటింట్లోకి వద్దాం. కోడి రొమ్ము మాంసం తెల్లగా ఉంటుంది. తొడ మాంసం కాస్త ముదురు రంగు. వేట మాంసం ఎర్రగా ఉంటుంది. ఎందుకు? "రక్తం వల్ల" అంటారు చాలామంది. అది సరికాదు. జంతువును కోయగానే రక్తంలో ఎక్కువ భాగం కారిపోతుంది. కండకు ఎరుపునిచ్చేది మయోగ్లోబిన్ అనే మాంసకృత్తు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఇది చుట్టం. హిమోగ్లోబిన్ ఆమ్లజనిని మోసుకొస్తే, మయోగ్లోబిన్ దాన్ని కండరంలో నిలవ ఉంచుతుంది. రెండింటికీ రంగు ఇచ్చేది ఇనుమున్న ఒకే రకపు అణువు.

రోజంతా పని చేసే కండరానికి ఆమ్లజని నిరంతరం కావాలి. కావున అందులో మయోగ్లోబిన్ ఎక్కువ, రంగూ ఎక్కువ. గొర్రె పొద్దస్తమానం పొలాల వెంట నడిచి మేస్తుంది. దాని కాలి కండ ఎర్రగా ఉండక ఏం చేస్తుంది? కోడి ఎగరటం ఎప్పుడో ఒకసారి, కుక్క తరిమినప్పుడు గోడ మీదికి ఒక్క ఉదుటున. ఒక్క క్షణం బలంగా పనిచేసి ఆగిపోయే రొమ్ము కండరానికి ఆమ్లజని నిలవతో పెద్దగా పని లేదు. కాబట్టి తెల్లగా ఉంటుంది. నడిచే కాళ్ళు మాత్రం ముదురు రంగు. ఇదే లెక్కన మైళ్ళకు మైళ్ళు ఎగిరే పావురం రొమ్ము కండ ఎర్రగా ఉంటుంది. పెరడంతా తిరిగే నాటుకోడి తొడ, షెడ్డులో కదలకుండా పెరిగిన బ్రాయిలరు తొడకన్నా ముదురుగా ఉంటుంది. రేపు కోడిని ముక్కలు చేసేటప్పుడు పక్కన నిలబడి చూడండి. ఏ కండ ఎంత కష్టపడిందో రంగే చెబుతుంది.

కష్టపడిన కండకు ఇంకో గుణం కూడా ఉంటుంది, గట్టిదనం. కండరపు పోగులను కట్టగా కట్టి ఎముకకు తగిలించేది సంయోజక కణజాలం. అందులో ముఖ్యమైనది కొల్లాజెన్ అనే మాంసకృత్తు, మూడు పేటల తాడులా పెనవేసుకుని ఉంటుంది. జంతువు వయసు పెరిగే కొద్దీ ఈ తాళ్ళ మధ్య ముళ్ళు పడి, బిగుసుకుంటాయి. బ్రాయిలరు కోడి సుమారు 40 రోజులకే రెండు కిలోలు తూగుతుంది. అంత పసిదాని కొల్లాజెన్‌లో ముళ్ళు తక్కువ, ఇరవై నిమిషాల్లో ఉడికిపోతుంది. నాటుకోడి కిలోన్నర తూగాలంటే ఐదారు నెలలు పడుతుంది. పొట్టేలు అంతకన్నా పెద్దది. అందుకే నాటుకోడి, పొట్టేలు రెండూ పొయ్యి మీద ఎక్కువసేపు కూర్చుంటాయి.

ఇక్కడొక తమాషా ఉంది. వేడి తగలగానే మాంసం మెత్తబడుతుందనుకుంటాం గాని, మొదట బిగుసుకుంటుంది. సుమారు 60 డిగ్రీల సెంటీగ్రేడు దాటేసరికి కొల్లాజెన్ ముడుచుకుని, తడిసిన గుడ్డను పిండినట్టు కండలోని నీటిని బయటికి పిండేస్తుంది. మూత తీసి చూసి, "ఇదేమిటి, నీళ్ళు పోయకుండానే ఇంత నీరూరింది" అంటారే, అదే ఇది. అక్కడ దించేస్తే రబ్బరు నమిలినట్టే. ఆ తర్వాత నీటిలో ఇంకా వేడిగా, చాలాసేపు ఉంచితేనే కొల్లాజెన్ తాళ్ళు విడిపోయి జెలటిన్‌గా మారతాయి. నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ప్రెషర్ కుక్కరులో ఆవిరిని బంధిస్తాం కాబట్టి 120 డిగ్రీల దాకా వెళుతుంది, అందుకే పని త్వరగా అవుతుంది. కాళ్ళ పులుసు రాత్రి చల్లారాక గడ్డకట్టి గిన్నెలో వణుకుతూ కనిపిస్తుంది చూడండి, ఆ వణికేదే జెలటిన్. నాయనమ్మ ముదురు మాంసంలో పచ్చి బొప్పాయి ముక్క వేయటం కూడా శాస్త్రమే. పచ్చి బొప్పాయి పాలలో పపేన్ అనే ఎంజైము ఉంటుంది, అది మాంసకృత్తులను తుంచేస్తుంది. ఎక్కువ వేస్తే మాత్రం ముక్క పిండైపోతుంది, జాగ్రత్త.

ఇప్పుడు టర్కీ కోడి కష్టాలు మీకు తేలిగ్గా అర్థమవుతాయి. పాశ్చాత్యులు ఐదారు కిలోల పక్షిని ముక్కలు చెయ్యకుండా అలాగే ఓవెనులో పెట్టి కాలుస్తారు. వేడి బయటి నుంచి మధ్యకు పాకటానికి పట్టే కాలం మందం మీద ఆధారపడుతుంది. మందం రెట్టింపైతే కాలం రెట్టింపు కాదు, సుమారు నాలుగింతలు! 3 సెంటీమీటర్ల ముక్క స్థానంలో 12 సెంటీమీటర్ల మందం ఉంటే పదహారింతలు. పైగా తెల్లటి రొమ్ము త్వరగా ఉడుకుతుంది, కష్టపడిన తొడకు ఇంకా సమయం కావాలి. తొడ ఉడికేలోగా రొమ్ము ఎండి పీచు పీచవుతుంది. ఆ దేశాల వంటల పుస్తకాలలో ఈ ఒక్క చిక్కుకు ఎన్ని చిట్కాలో! మనవాళ్ళు కత్తిపీట ముందు కూర్చుని అన్నీ ఒకే సైజు ముక్కలు చేసి ఆ చిక్కును ఎప్పుడో తీర్చేశారు. ఇంకొంచెం మెరుగు పరచాలంటే రేపు నాయనమ్మతో చెప్పి చూడండి. తొడ ముక్కలు, మెడ ముక్కలు ముందు వేసి, అవి సగం ఉడికాక రొమ్ము ముక్కలు వేయమనండి.

తాతయ్య కళ్ళెర్రజేసే విషయం ఒకటి చెప్పక తప్పదు, కొవ్వు. జనవరి చలిలో వేట మాంసం కూర పళ్ళెంలో చల్లారితే అంచున తెల్లటి తెట్టు కడుతుంది. అంగిట్లో అంటుకుంటుంది. కోడి కొవ్వు నోటి వేడికే కరిగిపోతుంది, గొర్రె కొవ్వు కరగటానికి అంతకన్నా ఎక్కువ వేడి కావాలి. కారణం గొర్రె కడుపులో ఉంది. గొర్రె, మేక, ఆవు నెమరు వేసే జంతువులు, వాటి కడుపులో నాలుగు గదులుంటాయి. మొదటి గదిలో కోట్లాది సూక్ష్మజీవులు కాపురముంటాయి. గడ్డిలోని సెల్యులోజును మీరూ నేనూ జీర్ణించుకోలేం, కోడీ జీర్ణించుకోలేదు. ఈ సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి గొర్రెకు ఆహారంగా మారుస్తాయి. ఆ పనిలోనే గడ్డిలోని మెత్తటి నూనెలకు ఉదజనిని చేర్చి గట్టి కొవ్వులుగా చేసేస్తాయి. వనస్పతి కర్మాగారంలో నూనెను గట్టిపరిచేది కూడా ఉదజనిని చేర్చే! ఇలాంటి సంతృప్త కొవ్వు అతిగా తింటే రక్తంలో కొలెస్టరాలు పెరుగుతుంది. తాతయ్యకు గుండెజబ్బు ఉంటే కొవ్వు తీసేసిన ముక్కలే వడ్డించాలి. కోడి విషయంలోనైతే కొవ్వులో చాలా భాగం చర్మం కిందే ఉంటుంది, చర్మం తీసేస్తే తేలికవుతుంది.

ఆ సూక్ష్మజీవుల వల్ల మేలు కూడా ఉంది. మన రక్తం తయారీకి అవసరమైన బి12 విటమినును మొక్కలూ జంతువులూ తయారు చేసుకోలేవు, కొన్ని సూక్ష్మజీవులే చేయగలవు. గొర్రె కడుపులో అవి దండిగా ఉన్నాయి. కాబట్టి వేట మాంసంలో బి12 కోడి మాంసంలోకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

మాంసకృత్తుల విషయంలో రెండూ ఇంచుమించు సమానం. వంద గ్రాముల పచ్చి కండలో సుమారు 20 గ్రాములు. ఈ అంశం మీద వాదించుకోవటం దండగ. అసలు తేడా ఇనుములో ఉంది. ఇక్కడ మనం కాస్త ఆగాలి, ఎందుకంటే ఇది మీ అక్క విషయం.

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య స్త్రీలలో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. అనగా మీ ఇంట్లో ఆ వయసు స్త్రీలు ఐదుగురు ఉంటే, సగటు లెక్కన ముగ్గురికి. మెట్లెక్కితే ఆయాసం, పుస్తకం పట్టుకుంటే నీరసం, "ఈ పిల్ల ఎప్పుడూ నిద్రమొహమే" అని చీవాట్లు. అది బద్ధకం కాకపోవచ్చు. హిమోగ్లోబిన్ తక్కువై మెదడుకూ కండరాలకూ ఆమ్లజని చాలక కావచ్చు. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో ఆరంభమై 1958లో ఇక్కడికి తరలివచ్చింది. 2020లో వెలువడిన దాని సిఫారసుల ప్రకారం 13-15 ఏళ్ళ అబ్బాయికి రోజుకు 22 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. అదే వయసు అమ్మాయికి 30. ప్రతినెలా రక్తస్రావంలో పోయే ఇనుమును ఆమె తిరిగి కూడబెట్టుకోవాలి మరి.

వంద గ్రాముల వేట మాంసంలో ఇనుము సుమారు రెండు మూడు మిల్లీగ్రాములు, కోడి మాంసంలో ఒకటి. "30 ఎక్కడ, 3 ఎక్కడ?" అంటారేమో. సిఫారసులో అంత పెద్ద అంకె ఎందుకుందంటే, మన పప్పులు, ఆకుకూరలలోని ఇనుములో చాలా భాగం పేగుల్లోంచి రక్తంలోకి ఎక్కకుండానే పోతుంది. మయోగ్లోబిన్‌లోని ఇనుము అలా కాదు, నాలుగో వంతు దాకా ఎక్కుతుంది. అంతేకాదు, మాంసంతోపాటు తిన్న పప్పులోని ఇనుము కూడా మామూలుకన్నా బాగా ఎక్కుతుంది. నిమ్మకాయ పిండుకుంటే అందులోని సి విటమిను వల్ల ఇంకాస్త. భోజనం అవగానే టీ తాగితే మాత్రం అందులోని పదార్థాలు ఇనుమును పట్టేసుకుంటాయి, కాబట్టి టీ ఒక గంట ఆగి తాగమనండి. కార్జంలో ఇనుము కండలోకన్నా రెండు మూడు రెట్లు ఉంటుంది. మన ఇళ్ళలో ఆ కార్జం ముక్క ఎవరి పళ్ళెంలో పడుతుందో గుర్తు చేసుకోండి. ముందు మగవాళ్ళ బంతి, తర్వాత పిల్లలు, చివర వండినవాళ్ళు. అక్కా, అమ్మా కూర్చునే వేళకు గిన్నెలో మిగిలేది పులుసూ మెడ ముక్కా. పులుసులో రుచి ఉంటుంది గాని ఇనుము చాలావరకు ముక్కలోనే ఉండిపోతుంది. కోడి తెచ్చినా పొట్టేలు తెచ్చినా ఈ వడ్డన మారకపోతే అక్క రక్తానికి ఒరిగేది ఏమీ లేదు. రేపు మీరే గరిటె పట్టుకోండి. (ఒక్క పండుగ భోజనంతో రక్తహీనత పోదు. బడిలో వారానికొకసారి ఇచ్చే నీలి మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంది. దాన్ని కిటికీలోంచి విసిరేసే వీరులు ఈ వాక్యం రెండుసార్లు చదవండి.)

ఇక బాబాయి అడిగిన ధర సంగతి. వేట మాంసం ఎందుకంత ప్రియం? గొర్రె సుమారు 150 రోజులు మోసి, ఒక పిల్లనో ఇద్దరినో ఈనుతుంది. అది అమ్మకానికి ఎదగటానికి ఇంకా నెలలు పడుతుంది. కోడిగుడ్డు 21 రోజుల్లో పిల్లవుతుంది. బ్రాయిలరు రెండు కిలోల లోపు దాణాకు కిలో బరువు పెరుగుతుంది, గొర్రె అంత తొందరగా పెరగదు. అయితే కోడి దాణాలో మొక్కజొన్న, సోయా ఉంటాయి, అవి మనుషులూ తినగలిగినవి. గొర్రె కోసిన చేలో మిగిలిన మోళ్ళు, గట్టు మీది గడ్డి తిని బతుకుతుంది. మనకు అక్కరకు రానిదాన్ని మాంసంగా మారుస్తుంది, బదులుగా ఏడాదికి సుమారు ఐదు కిలోల మీథేను వాయువును తేన్పులతో గాలిలోకి వదులుతుంది. భూమిని వేడెక్కించటంలో అది బొగ్గుపులుసు వాయువుకన్నా చాలా చురుకైనది.

ఇప్పుడు లెక్క వేద్దాం. మనిషికి ఎముక లేని కండ 100 గ్రాముల చొప్పున పన్నెండు మందికి 1.2 కిలోలు కావాలి. వేట మాంసంలో నాలుగో వంతు ఎముక అనుకుంటే 1.6 కిలోలు కొనాలి. కోడిలో మూడో వంతు ఎముక అనుకుంటే 1.8 కిలోలు. బతికున్న కోడి బరువులో నూటికి 70 వంతులే మాంసంగా దక్కుతుంది కాబట్టి సుమారు 2.6 కిలోల కోళ్ళు, అంటే కిలోన్నర నాటుకోళ్ళు రెండు. పొట్టేలులోనైతే సగం కూడా దక్కదు. 30 కిలోల పొట్టేలుకు నూటికి 48 చొప్పున 14.4 కిలోలు. తొమ్మిది ఇళ్ళవాళ్ళు కలిసి కోయించి పోగులు పెట్టుకుంటే ఇంటికి సరిగ్గా 1.6 కిలోలు! మీ ఊరి ధరలు మీరే వేసుకుని, ఎముక తీసేశాక కిలో కండ దేనిలో ఎంత పడిందో తేల్చండి. తూకం ధర ఒకటి, తినే ధర ఇంకొకటి అని బాబాయికి కూడా తెలుస్తుంది.

ఏది తెచ్చినా ఒక ప్రమాదం ఉంది. పొద్దున వండిన కూర పెద్ద గిన్నెలో మూతపెట్టి, రాత్రి దాకా అలాగే ఉంచటం. కొన్ని సూక్ష్మజీవుల బీజాలు మరిగే నీటిలో కూడా చావవు. గిన్నె నెమ్మదిగా చల్లారుతూ గోరువెచ్చగా ఉన్నంతసేపూ అవి మొలకెత్తి పెరుగుతాయి. 20 నిమిషాలకొకసారి రెట్టింపయ్యే ఒక్క సూక్ష్మజీవి ఆరు గంటల్లో 2,62,144 అవుతుంది. నమ్మకపోతే రెండును పద్దెనిమిదిసార్లు గుణించి చూడండి. కనుమ మర్నాడు ఊళ్ళో వాంతులు, విరేచనాలు ఎందుకు కనబడతాయో ఆ గుణకారంలో ఉంది. మిగిలిన కూరను రెండు గంటల లోపల వెడల్పాటి పళ్ళాలలో పలచగా పోసి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. తినేముందు బుడగలు వచ్చేదాకా మరిగించాలి. ఫ్రిజ్ లేకపోతే ఒక పూటకు సరిపడానే వండాలి. పచ్చి మాంసం కోసిన కత్తిపీటను సబ్బుతో కడగకుండా ఉల్లిపాయలు తరగకూడదు.

తాతయ్య ఇంకా మీ జవాబు కోసం చూస్తున్నాడు. నేనైతే ఇలా చెబుతాను. పక్కవాళ్ళతో కలిసి పొట్టేలులో సగం పోగు తీసుకుందాం, అందులో కార్జం మన వాటాకు అడుగుదాం, అది అక్కకూ అమ్మకూ. గారెల్లోకి ఒక్క నాటుకోడి. ఖర్చు బాబాయి భయపడినంత కాదు, అల్లుడి ముందు తాతయ్య పరువూ నిలుస్తుంది. నిజం చెప్పాలంటే నాకు నాటుకోడి పులుసంటేనే ఇష్టం, ఆ ఇష్టం ఈ తీర్పులో కాస్త కలిసి ఉంటుంది. మీ ఇంట్లో గుండెజబ్బు మనిషి ఉంటే, లేదా చేతిలో డబ్బు తక్కువైతే, తీర్పు మారుతుంది. మార్చేయండి.

భోజనాలయ్యాక కోడి తొడ ఎముక ఒకటి కుక్కకు పోకుండా దాచి, శుభ్రంగా కడగండి. గాజు సీసాలో వేసి మునిగేదాకా వెనిగరు పోసి మూత పెట్టండి. రెండు రోజులకొకసారి వెనిగరు మార్చండి. వెనిగరులోని ఆమ్లం ఎముకలోని కాల్షియం లవణాలను కరిగించేస్తుంది, కొల్లాజెన్ మాత్రం మిగులుతుంది. ఇంకో ఎముకను పెద్దల సమక్షంలో కట్టెల పొయ్యిలో వేసి తెల్లబడేదాకా కాల్చండి. ఇందులో కొల్లాజెన్ మాడిపోయి లవణాలు మిగులుతాయి. వారం తర్వాత రెండింటినీ చేతిలోకి తీసుకుని వంచి చూడండి. ఒకటి రబ్బరు గొట్టంలా వంగుతుంది, రెండోది సుద్దముక్కలా చిట్లిపోతుంది.